కూర్పు యంత్రమునకు కూడు, గూడు

“అమ్మా, నువ్వు తిని పడుకో. బిల్డు పోయింది. నేను ఇప్పట్లో లేవలేను.”

రాత్రి వార్తలు ముగిసి రేడియో కట్టివేయబోవు వేళకు ఈ మాట వినవచ్చు ఇండ్లు నేడు మన ప్రాంతమున తక్కువగా లేవు. కుమారుడో కుమార్తెయో హైదరాబాదునందలి ఒక సాఫ్టువేరు కంపెనీలో ఉద్యోగి. కొన్ని దినములు ఇంటినుండియే పని. పెరుగన్నము కలిపి పళ్లెము పట్టుకొని నిలుచున్న తల్లి, “ఏం పోయింది నాయనా, ఎవరు తీసుకుపోయారు?” అని అడుగును. అబ్బాయి నవ్వి ఊరకుండును. ఆ నవ్వునకు అర్థమేమో చెప్పగలరా యని శ్రోతలు మమ్ములను అడుగుచున్నారు. చెప్పుటకు ప్రయత్నింతుము. అయితే పోయినది బిల్డు మాత్రమే కాదనియు, ఒక్కొక్కప్పుడు ఆ బిల్డును కట్టు యంత్రమునకు కూడు చాలక అది అబద్ధమాడుచున్నదనియు కూడ చెప్పవలసియున్నది. ఈనాటి మా ప్రసంగమునకు ముఖ్యవిషయము ఆ రెండవదే.

బిల్డు అనగా కట్టుబడి. ప్రోగ్రామరులు వ్రాయు కోడు మనుష్యులు చదువుకొనుటకు అనువైన పాఠము. దానిని కంప్యూటరు నడుపగల రూపమునకు మార్చవలెను. పదిమంది పది భాగములుగా వ్రాసినదానిని ఒక్కటిగా చేర్చవలెను. చేర్చినది సరిగా పనిచేయుచున్నదో లేదో పరీక్షింపవలెను. పరీక్షలో నెగ్గినదానిని మూటగట్టి, వాడుకొనువారికి పంపదగిన స్థితిలో ఉంచవలెను. ఈ మొత్తము వ్యవహారమునకు బిల్డు అని పేరు. అది పోయినదన్నచో ఈ మెట్లలో ఎక్కడనో ఒకచోట పని ఆగిపోయినదని అర్థము.

పదిమంది భాగములను ఎప్పుడు చేర్చవలెనన్నది పాత వివాదము. రేడియో నాటకములు తయారుచేయు మాకు ఇందు కొంత అనుభవము గలదు. పాత్రధారులందరు ఎవరియింట వారు తమ భాగములను వల్లించుకొని ప్రసారమునాటి సాయంకాలము మాత్రమే స్టూడియోలో కలిసికొన్నచో ఏమగునో ఊహింపుడు. ఒకరు ‘మామగారు’ అని పిలుచు పాత్రను వేరొకరు ‘బావగారు’ అని పిలుతురు. వేణువు ఒక శ్రుతి, వయొలిను ఒక శ్రుతి. ఎవరి భాగమునందును తప్పులేదు, నాటకము మాత్రము నిలువదు. అందుచేతనే రోజుకొకసారియైనను అందరును కలిసి ఒత్తిగించుకొనుట. ప్రోగ్రామరులు కూడ ఈ పాఠమును కష్టపడియే నేర్చుకొనిరి. నెలల తరబడి విడివిడిగా వ్రాసి చివరి వారములలో చేర్చబోయి, ఆ చేర్చుటయే వ్రాయుటకంటె ఎక్కువ కాలము పట్టిన అనుభవములు వారికి కోకొల్లలు.

1990వ దశకము చివర అమెరికాలో కెంట్ బెక్ ప్రభృతులు ప్రచారము చేసిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో, వ్రాసిన ప్రతి చిన్న మార్పును వెంటనే ఉమ్మడి కోడులో చేర్చి పరీక్షించుట ఒక నియమమైనది. దీనికి ‘కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్’ అని పేరు. ఎడతెగని కూర్పు అని మనము చెప్పుకొనవచ్చును. 2000లో మార్టిన్ ఫౌలర్ దీనిపై వ్రాసిన వ్యాసము బహుళప్రచారము పొందినది. కాని గంటకు నాలుగుసార్లు మనిషి కూర్చుండి చేర్చి పరీక్షించుట కుదరదు గదా! ఆ చాకిరి చేయుటకు ఒక యంత్రమును కేటాయింపవలసివచ్చెను. 2001లో థాట్‌వర్క్స్ సంస్థవారు క్రూయిజ్ కంట్రోల్ అను సాధనమును వెలువరించిరి. అటుపిమ్మట సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేయుచున్న కోహ్సుకే కవాగుచి అను జపానీయ ఇంజనీరు, తన మార్పులు బిల్డును పాడుచేసి తోటివారికి కోపము తెప్పించుచున్నవని, వారికంటె ముందు తానే తెలిసికొనుటకై ఒక ప్రోగ్రామును వ్రాసికొనెను. 2005లో లోకమునకు వెల్లడియైన ఆ ప్రోగ్రామునకు హడ్సన్ అని పేరు. 2010లో సన్ సంస్థను ఒరాకిల్ కొనిన పిదప పేరునుగూర్చి తగవు వచ్చి, 2011లో దానిని నిర్మించుచున్నవారిలో అధికసంఖ్యాకులు జెంకిన్స్ అను పేరు పెట్టుకొని వేరుపడిరి. జెంకిన్స్ అన్నది దొరలయిండ్లలో పెద్ద పరిచారకునికి ఉండదగిన పేరు. గొంతు ఎత్తకుండ అన్ని పనులును చక్కబెట్టువాడని భావము. ఇంకొక తమాషా: ఈ సాధనము తొలినాళ్లలో నెగ్గిన బిల్డునకు ఆకుపచ్చ గుర్తుగాక నీలము గుర్తు చూపెడిది. జపానులో దారిదీపపు పచ్చరంగును నీలమనియే వ్యవహరింతురు. కవాగుచి ఆ అలవాటునే తెచ్చి ఇందులో పెట్టెను.

ఇటువంటి యంత్రములు నేడు పలురకములుగా నున్నను, మేము జెంకిన్స్‌నే ఉదాహరణగా తీసికొందుము. ఎవరైనను ఉచితముగా తెచ్చి తమ కంప్యూటరుపై స్థాపించుకొనదగినది కావున, “దీనికి ఎంత యంత్రము కావలెను?” అను ప్రశ్న దానివిషయమున సూటిగా వచ్చును.

జవాబు వారి పత్రములలోనే యున్నది. కనీసము 256 మెగాబైట్ల మెమరీ, ఒక గిగాబైటు డిస్కు. చిన్న బృందమునకు సిఫార్సు చేయునది 4 గిగాబైట్లు లేక అంతకు మించిన మెమరీ, 50 గిగాబైట్లకు పైబడిన డిస్కు. దీనిని చదివిన యజమాని మిక్కిలి సంతోషించును. మూలనున్న పాత కంప్యూటరునకే అంతకంటె ఎక్కువ యున్నది! దానిని దుమ్ము దులిపి బల్లక్రింద పెట్టించును. ఆ దినమునుండియే బాధలు మొదలగును.

ఇచ్చట జరిగిన పొరపాటు లెక్కలో లేదు, లెక్క దేనిదన్న విషయమునందున్నది. పెండ్లివారింట వంటలు పురమాయించు మేస్త్రీకి ఒక కుర్చీ, ఒక చేతిసంచి చాలును. అంతమాత్రమున ఐదువందలమంది వంట ఆ కుర్చీలో జరుగదు. వారు చెప్పిన 256 మెగాబైట్లు మేస్త్రీ కూర్చుండుటకు. గాడిపొయ్యి, గుండిగలు, బియ్యపు బస్తాలు వేరు లెక్క. జెంకిన్స్‌లో ఈ రెండును వేర్వేరు పేర్లతోనే యున్నవి. పురమాయించుదానిని కంట్రోలరు అందురు. పనిచేయు యంత్రములను ఏజెంట్లు అందురు. ఏజెంటునందు ఏకకాలమున ఎన్ని పనులు నడువవచ్చునో ఆ పొయ్యికండ్లకు ఎగ్జిక్యూటరులని పేరు. క్రొత్తగా స్థాపించినపుడు కంట్రోలరులోనే రెండు ఎగ్జిక్యూటరులు ఉండును. ఆ సంఖ్యను సున్నకు తగ్గించి, పనినంతయు ఏజెంట్లకు అప్పగింపుడని నిర్మాతలే చెప్పుచున్నారు. చిన్న బృందములు ఈ సలహాను పెడచెవిని పెట్టుట సర్వసాధారణము.

ఇంకొక సంగతి చెప్పి ముందునకు పోదుము. ఈ సాధనము జావా అను భాషాయంత్రముపై నడచును. ఆ జావా ఏ సంచికయైనను సరిపోదు. 2022లో పాత 8వ జావాను విడిచి 11 కావలెననిరి. 2024 అక్టోబరులో వెలువడిన దీర్ఘకాలిక సంచికనుండి 17 గాని 21 గాని ఉండితీరవలెననిరి. కట్టబడు కోడునకు ఏ జావా కావలెనన్నది వేరు విషయము. ఈ రెంటిని కలగాపులగము చేసి, మేస్త్రీ చెప్పులు వంటవానికి తొడిగి బాధపడినవారు గలరు.

ఇక మెమరీ సంగతి. మా యెరుకలో ఇబ్బందులలో పెద్దపాలు దీనిదే.

పైన చెప్పిన జావా యంత్రమునకు ఒక స్వభావమున్నది. ఇంతకుమించి తీసికొనవద్దని మనము హద్దు చెప్పకున్నచో, కంప్యూటరునందున్న మొత్తము మెమరీలో నాలుగవవంతువరకు తన హద్దుగా అదియే నిర్ణయించుకొనును. అది ఒంటరిగా నున్నప్పుడు ఇది మర్యాదయైన వాటాయే. కాని బల్లక్రింది కంప్యూటరులో జెంకిన్స్ ఒక జావా యంత్రము. దానిపై ఏకకాలమున నాలుగు బిల్డులు నడచుచున్నవనుకొందుము. మేవెన్ అను కట్టుబడి సాధనమును వాడినచో ఒక్కొక్క బిల్డును ఒక జావా యంత్రమే. ఒక్కొక్కటి నాలుగవవంతు నాదియే అనుకొనినచో నాలుగింట ఐదు వాటాలైనవి! ఆస్తి పంపకమున ఇట్టి లెక్క తేలినయింట ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. ఐదుగురును ఒకేసారి తమ వాటాను పూర్తిగా అడుగరు కావున కొన్నాళ్లు గడచును. అందరును అడిగిన సాయంకాలమున గొడవ బయటపడును.

అప్పుడు లినక్స్ వ్యవస్థ ఏమి చేయును? మొదట డిస్కులో కొంతభాగమును మెమరీవలె వాడుకొని సర్దుబాటు చేయజూచును. డిస్కు మెమరీకంటె ఎన్నో రెట్లు మందగతి గలది కావున యంత్రమంతయు కాళ్లీడ్చును. అదియును చాలనప్పుడు మొత్తము కూలిపోకుండుటకై, నడచుచున్న పనులలో ఒకదానిని ఎన్నుకొని చంపివేయును. సాధారణముగా ఎక్కువ మెమరీ తినుచున్నదే బలియగును. అట్లు చచ్చిన పని మరణవాఙ్మూలముగా 137 అను సంఖ్యను విడిచిపోవును. 128కి, చంపుడుసంకేతపు సంఖ్యయైన 9ని చేర్చగా వచ్చినది అది. జెంకిన్స్ తెరపై కనబడునది మాత్రము ఎర్రగుర్తు ఒక్కటే. అబ్బాయి కోడులో తప్పున్నప్పుడు వెలుగు ఎర్రగుర్తును అదియే, పొయ్యిమీద చోటు చాలక గుండిగ ఒరిగినప్పుడు వెలుగు ఎర్రగుర్తును అదియే.

అబద్ధమాడు యంత్రమని మేము మొదట అన్నది దీనినే. పదేపదే నిష్కారణముగా ఎర్రబడు గుర్తును మనిషి ఎన్నిసార్లు నమ్మును? మూడవసారి లాగు చదువడు. “మళ్లీ నడిపితే అదే పోతుందిలే” అని మీట నొక్కును. ఈ అలవాటు పడిన కార్యాలయమునకు యంత్రము ఉన్నను లేనట్లే. 2016లో గూగుల్ ఇంజనీర్లు తమ అనుభవమును ప్రకటించిరి. వారియొద్ద నెగ్గుచున్న పరీక్ష తప్పినట్లు కనబడిన సందర్భములలో 84 శాతమునందు, కోడు మారకున్నను ఒకసారి నెగ్గి ఒకసారి తప్పు చపలపరీక్షలకు సంబంధమున్నదట! అట్టి చాపల్యమునకు యంత్రపు కొరత ఒక్కటియే కారణము కాదు. పరీక్షలను వ్రాసిన తీరునందును లోపముండవచ్చును. కాని మెమరీ కొరత మనము సొమ్ము వెచ్చించి తొలగించుకొనగల కారణము. మిగిలినవి అంత సులభముగా తొలగవు.

కావున లెక్క వేయవలసిన తీరు వేరు. ముందుగా ఒక్క బిల్డును ఒంటరిగా నడిపి, అది మిక్కిలి ఎక్కువగా ఎంత మెమరీ తీసికొనుచున్నదో కొలువవలెను. 3 గిగాబైట్లని తేలినదనుకొందుము. 16 గిగాబైట్ల యంత్రములో వ్యవస్థకై మూడో నాలుగో విడిచినచో పండ్రెండు మిగులును. నాలుగు ఎగ్జిక్యూటరులు పెట్టవచ్చును. ప్రాసెసరునందు ఎనిమిది కోరులున్నవి గదాయని ఎనిమిది పెట్టరాదు. అట్లే జావాకు హద్దును మన నోటితో చెప్పవలెను. చెప్పకుండుట ఔదార్యము కాదు.

డిస్కు విషయమునకు వత్తము. ఇది మెమరీవలె హఠాత్తుగా మోసము చేయదు, చెదపురుగువలె నెమ్మదిగా తినివేయును. ప్రతి బిల్డును ఒక లాగును, తయారైన మూటను మిగిల్చిపోవును. మూట 200 మెగాబైట్లనుకొని, దినమునకు 30 బిల్డులు జరిగినచో దినమునకు 6 గిగాబైట్లు. సిఫార్సు చేసిన 50 గిగాబైట్లు తొమ్మిదవనాడు చూడబోవుసరికి నిండిపోవును. కావలసినవి పదియో ఇరువదియో ఉంచుకొని పాతవానిని పారవేయుమని ఆజ్ఞ ఇచ్చు సౌకర్యము జెంకిన్స్‌లో ఉన్నది. కాని ఆ ఆజ్ఞ మనమే ఈయవలెను. పాతసామాను పారవేయుటకు మనసొప్పని ఇంటిపెద్దలు ఆఫీసులలోను ఉందురు. “ఎప్పుడైనా పనికొస్తుందేమో” అన్న మాట ఎన్ని డిస్కులను నింపినదో! ఖాళీ ఒక గిగాబైటుకంటె తగ్గినచో జెంకిన్స్ ఆ యంత్రమును తానే పనినుండి తప్పించును. అది దాని మంచితనము. అట్లు తప్పించినందుకు యంత్రమునే తిట్టువారున్నారు.

డిస్కులో చోటున్నను చోటులేదని చెప్పు వింత కూడ ఒకటి గలదు. లినక్స్‌లో విరివిగా వాడు ఎక్స్‌ట్4 అను పద్ధతిలో, డిస్కును సిద్ధపరచునాడే ఎన్ని ఫైళ్లు ఉండవచ్చునో ఆ సంఖ్య నిర్ణయమైపోవును. 50 గిగాబైట్ల డిస్కులో సాధారణముగా 30 లక్షలకు కొంచెము పైన. జావాస్క్రిప్ట్ భాషలో వ్రాసిన ఒక పథకము తనకు కావలసిన సామగ్రిని తెచ్చుకొన్నప్పుడు వేలకొలది, ఒక్కొక్కప్పుడు పదులవేల చిన్న చిన్న ఫైళ్లు దిగును. అట్టివి అరువదియో డెబ్బదియో పనిస్థలములు పేరుకొన్నచో సంఖ్య అయిపోవును. కొట్టులో బస్తాలకు చోటున్నది, పద్దుపుస్తకములో మాత్రము వ్రాయుటకు గీతలు లేవు! ‘డిస్కులో చోటు లేదు’ అని యంత్రము చెప్పును, ఖాళీ చూడబోయిన సగము కనబడును. ఈ సంగతి ఎరుగనివాడు రాత్రంతయు తల పట్టుకొనవలసినదే.

ప్రాసెసరు కోరులనుగూర్చి జనులకు ఉన్నంత మోజు మెమరీపై లేదు. ఎన్ని కోరులుంటే అంత వేగమని తలంతురు. కొంతవరకు నిజమే. ఆండ్రాయిడ్ వ్యవస్థను, అనగా మన చేతిఫోనులలో చాలవానిని నడుపుదానిని, మొదటినుండి కట్టుటకు 72 కోరులు, 64 గిగాబైట్ల మెమరీ గల యంత్రముపై సుమారు 40 నిమిషములు పట్టుననియు, అంతే మెమరీయుండి ఆరు కోరులే గల యంత్రముపై సుమారు 6 గంటలు పట్టుననియు గూగుల్ వారి పత్రములు చెప్పుచున్నవి. డిస్కునందు 400 గిగాబైట్ల ఖాళీ వేరే కావలెను. కోరులు పండ్రెండు రెట్లు హెచ్చినవి, వేగము తొమ్మిది రెట్లే హెచ్చినది. తక్కిన మూడు రెట్లు ఏమైనవి?

1967లో జీన్ ఆమ్డాల్ అను కంప్యూటరు శిల్పి చేసిన వాదము దీనికి సమాధానము. పనిలో కొంతభాగము పదిమందికి పంచవచ్చును, కొంతభాగము పంచుటకు వీలుగాదు. గారెలు వేయుటకు పది మూకుళ్లు పెట్టవచ్చును, పప్పు నానుటకు మాత్రము పట్టవలసిన కాలము పట్టితీరును. గంట పట్టు బిల్డులో పది నిమిషములు పంచరాని పనియైనచో, వేయి కోరులు తెచ్చినను పది నిమిషములకంటె తక్కువలో ముగియదు. ఆ పది నిమిషములు దేనికి పోవుచున్నవో ముందు చూచికొని, ఆ పిమ్మట కోరులు కొనవలెను. పెక్కు సందర్భములలో అది నెట్‌వర్కుమీద సామగ్రి తెచ్చుకొను కాలమే. తెచ్చినదానిని దగ్గర దాచుకొనినచో కొత్త యంత్రము కొనకయే సగము బాధ తీరును.

పది నిమిషములన్న మాట మేము ఊరక అనలేదు. ఈ పద్ధతిని నెలకొల్పినవారు బిల్డు పది నిమిషములలో ముగియవలెనని ఒక గురి పెట్టిరి. మార్పు పంపినవాడు కాఫీ త్రాగి వచ్చులోగా జవాబు రావలెను. అంతకంటె ఆలస్యమైనచో వాడు వేరొక పనిలో మునుగును. తప్పు తెలిసినను అది ఏ సందర్భమున చేసినదో మరచియుండును. అయితే బిల్డు నడచుకాలము ఒక్కటే చూచిన చాలదు. వరుసలో నిలుచు కాలము సంగతి యేమి?

పిండిమరవద్ద దీనిని మనమందరమును చూచియున్నాము. వచ్చువారు వేళాపాళా లేక వత్తురు. ఒకరిది కుంచెడు, ఒకరిది బస్తా. 1909లో డెన్మార్కు దేశస్థుడు ఎర్లాంగ్ కోపెన్‌హేగెన్ టెలిఫోను కాల్‌లవిషయమున ఈ లెక్కకు పునాది వేసెను. ఆ త్రోవలో పెరిగిన గణితము ప్రకారము, రాకలును పనికాలములును ఇట్లు నిలుకడలేనివైనప్పుడు, ఒకే మర సగటున పదినిమిషములకొక పని ముగించునదైనచో, అది సగముకాలము పనిలోనున్నప్పుడు నిరీక్షణము సగటున పది నిమిషములు. నూటికి ఎనుబదిపాళ్లు పనిలో నున్నప్పుడు నలువది నిమిషములు. తొంబదిపాళ్లు నున్నప్పుడు గంటన్నర! “మన యంత్రము ఒక్క క్షణము వృథాగా లేదు” అని మురియు యజమాని, జీతమిచ్చు మనుష్యులను గంటన్నర కూర్చుండబెట్టి యంత్రపు కూలి మిగుల్చుకొనుచున్నాడన్నమాట. కూర్పు యంత్రము కొంత ఖాళీగా ఉండవలెను. అగ్నిమాపక శకటము ఖాళీగా నిలిచియున్నదని ఎవరైనను దానిని ఇటుకలు తోలుటకు పంపుదురా?

ఎగ్జిక్యూటరుల సంఖ్యకై జెంకిన్స్ పత్రములు ఒక అంచనా సూత్రము ఇచ్చినవి. డెవలపరుకు సుమారు మూడున్నొకటి మూడవవంతు పనులు, పనుల సంఖ్యలో నూటికి మూడు ఎగ్జిక్యూటరులు. నూర్గురున్నచో 333 పనులు, పది ఎగ్జిక్యూటరులు. మొదలుపెట్టుటకు ఇది మంచిదే. కాని అందరును సాయంకాలము ఇంటికి బయలుదేరబోవుచు ఒక్కసారిగా మార్పులు పంపు ఆఫీసునకు ఈ సూత్రము చాలదు. అట్టివారు వరుసను రెండు వారములు గమనించి తమ లెక్క తాము వేసికొనుటయే మేలు.

గడియారమునుగూర్చి ఒక్క మాట. స్టూడియో గడియారము అర నిమిషము తప్పినచో మా గతి ఏమగునో మాకు తెలియును. 1976లో బెల్ లేబొరేటరీలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ వ్రాసిన ‘మేక్’ అను సాధనము, నేటికిని వాడుకలో నున్నది, ఏ ఫైలును మరల కట్టవలెనో వాని వ్రాతకాలములను పోల్చి నిర్ణయించును. ఏజెంటు గడియారము ఐదు నిమిషములు ముందున్నచో మారిన ఫైలును మారనిదిగా భావించి పాతదానినే మూటకట్టవచ్చును. అప్పుడు వెలుగునది పచ్చగుర్తు. ఎర్ర అబద్ధముకంటె పచ్చ అబద్ధము చెడ్డది.

పచ్చ అబద్ధమునకు ఘోరమైన ఉదాహరణము 2020 డిసెంబరులో బయటపడినది. అమెరికాలోని సోలార్‌విండ్స్ సంస్థ ఓరియన్ అను సాఫ్టువేరును అమ్ముచుండెను. ఇతర సంస్థలు, ప్రభుత్వశాఖలు సైతము తమ నెట్‌వర్కులను కనిపెట్టియుండుటకు దానిని వాడెడివి. దొంగలు వాడుకదారుల ఇండ్లకు పోలేదు. ఓరియన్‌ను కట్టు యంత్రములోనే ప్రవేశించిరి. అచట వారు పెట్టిన సన్‌స్పాట్ అను ప్రోగ్రాము, బిల్డు ఎప్పుడు మొదలగునాయని పొంచియుండి, మొదలైనంతనే ఒక ఫైలును తీసి తమ ఫైలును ఆ స్థానమున ఉంచి, కట్టుబడి ముగిసినపిమ్మట అసలు ఫైలును యథాస్థానమున పెట్టెడిది. కోడు చూచినవారికి ఏ దోషమును కనబడదు. ఆ మూటను తెచ్చుకొన్న వాడుకదారులు 18,000 వరకు ఉండవచ్చునని సంస్థయే చెప్పెను. తమ చేర్పువలన బిల్డు పోకుండ దొంగలు ప్రత్యేకముగా జాగ్రత్తలు పడిరి. బిల్డు పోయినచో ఎవరో ఒకరు లాగు చదువుదురని వారికి తెలియును. యంత్రపు మాటను మనకంటె వారే ఎక్కువ గౌరవించిరని అనవలసివచ్చుచున్నది.

కావున కూడుతోపాటు గూడు కూడ కావలెను. కూర్పు యంత్రము చేతిలో కోడు తాళము, సంతకపు ముద్ర, సరుకును బయటికి పంపు అధికారము, అన్నియు ఉండును. అట్టిదానిని అందరును వచ్చిపోవు బల్లక్రింద పెట్టరాదు. జెంకిన్స్ మామూలుగా 8080 సంఖ్యగల ద్వారమున వినుచుండును. ఆ ద్వారమును ఇంటర్నెట్ వీథిలోనికి తెరచియుంచరాదు. బిల్డులను కంట్రోలరుపై నడుపవలదన్న సలహాకు మెమరీ ఒక్కటియే కారణము కాదు. నడుమ ఎవరైనను ఒక చెడ్డ కోడు పంపినచో, అది తాళములగుత్తి ఉన్న గదిలోనే నడచును గదా! పనియంతయు ఏజెంటులో నడిపి, వీలైనచో ప్రతి బిల్డునకు క్రొత్త ఏజెంటును పుట్టించి పని ముగియగనే తుడిచివేయుట నేడు మంచి పద్ధతిగా నున్నది. విస్తరాకులో భోజనమువంటిది, తిన్నపిదప కడుగు పని లేదు, ఎంగిలి భయము లేదు.

పదిమంది గల బృందము మమ్ములను సలహా అడిగినచో, మేస్త్రీకి సిఫార్సు చేసిన 4 గిగాబైట్లు, 50 గిగాబైట్లు వేరొక చిన్న యంత్రమున ఇచ్చి, తక్కిన సొమ్ముతో 16 గిగాబైట్ల ఏజెంట్లు రెండు తీసికొని, ఒక్కొక్కదానిపై కొలిచిచూచినన్ని ఎగ్జిక్యూటరులే పెట్టుమందుము. పాత మూటలను పారవేయు ఆజ్ఞను మొదటిదినముననే ఇయ్యమందుము. డిస్కు ఖాళీని, వరుస పొడవును వారమునకొకసారి చూచు బాధ్యతను ఒకరిపేర వ్రాయుమందుము. అందరి పని ఎవరి పనియు కాదు.

ఇక ఆ తల్లికి. రేపు రాత్రి అబ్బాయి మరల బిల్డు పోయిందన్నచో, “కోడు తప్పా నాయనా, యంత్రానికి మెమరీ చాల్లేదా?” అని అడిగి చూడుడమ్మా. వాడు ఉలికిపడి లాగు చివరివరకు చదువును. అడుగున 137 అని కనబడినచో పళ్లెము వాని చేతికీయుడు. వాని కోడు ప్రాణము తీసినది చాలవరకు యంత్రమే. ఉదయము యజమానితో మాటలాడవలసిన పనిగాని, రాత్రి మేలుకొనవలసిన పని కాదు.